కొవ్వులో కరిగే ఆమ్లాలు బ్యాక్టీరియాను ఎక్కడ ఆపుతాయి, ఎక్కడ ఆపలేవు

క్లుప్తంగా: బెంజోయిక్, సోర్బిక్, ప్రొపియోనిక్, లారిక్ లాంటి ఆమ్లాలు బ్యాక్టీరియా పైపొరలోని కొవ్వులో కరిగి, కణం శక్తిని తయారుచేసుకునే ఏర్పాటును, పోషకాలు లోపలికి లాక్కునే దారులను దెబ్బతీస్తాయి. వీటిలో చాలావాటికి విద్యుదావేశం లేని రూపంలో ఉన్నప్పుడే ఆ శక్తి ఉంటుంది. చుట్టూ ఉన్న నీటి పీహెచ్ (ఎంత తగ్గితే అంత ఆమ్లమని చెప్పే కొలత), బ్యాక్టీరియా రకం, నీటిలోని కాల్షియం మారితే, ఒకచోట బాగా పనిచేసిన ఆమ్లం మరోచోట దండగవుతుంది.

## గందరగోళం ఎక్కడుంది

గోదావరి డెల్టాలో ఈ ఆమ్లాల పేర్లు రెండు వేర్వేరు చోట్ల వినిపిస్తున్నాయి. భీమవరం, ఆకివీడు, నరసాపురం వైపు ఆక్వా మందుల షాపుల్లో ‘ఆర్గానిక్ యాసిడ్స్’, ‘గట్ యాసిడ్స్’ అంటూ డబ్బాలు, ప్యాకెట్లు అమ్ముతున్నారు. కోనసీమ కొబ్బరి చుట్టూ ఇంకో ప్రచారం నడుస్తోంది. కొబ్బరి నూనెలో లారిక్ ఆమ్లం ఉంది కాబట్టి అది సూక్ష్మజీవులన్నిటినీ చంపేస్తుందని ఫోన్లలో సందేశాలు తిరుగుతున్నాయి. రెండింటి వెనకా ఉన్న శాస్త్రం ఒకటే, అది నిజమే. దాన్ని ఆధారం చేసుకుని చెప్పే మాటల్లోనే చాలా వరకు పొరపాటు ఉంది.

రొయ్యల రైతుకు ఇది ఊసుపోక మాట్లాడుకునే విషయం కాదు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ మందులను ఆక్వా సాగులో వాడటం నిషిద్ధం. వాటి అవశేషాలు దొరికితే యూరప్, అమెరికా రేవుల్లో సరుకును తిప్పి పంపుతారు. పశువులు, కోళ్లు త్వరగా ఎదగడానికి మేతలో కలిపే యాంటీబయాటిక్స్‌ను యూరోపియన్ యూనియన్ 2006 జనవరి 1 నుంచి పూర్తిగా ఆపేసింది. వాటికి బదులుగా ముందుకొచ్చిన వాటిలో ఈ ఆమ్లాలు ముఖ్యమైనవి. మన దేశంలో 2009లో వనామీ రకం రొయ్య సాగుకు అనుమతి వచ్చి, డెల్టా చెరువుల్లో అది విస్తరించాక, యాంటీబయాటిక్ ముట్టకుండా, రొయ్యలకు జబ్బు తెచ్చే విబ్రియో బ్యాక్టీరియాను అదుపు చేసే దారి కోసం వెతుకులాట కూడా పెరిగింది. ఆ వెతుకులాటలో ఉన్న రైతుకు ఈ ఆమ్లాలు ఎలా పనిచేస్తాయో తెలిస్తే, ఏ ప్యాకెట్ కొనాలో, ఏది వదిలేయాలో తనంతట తానే చాలా వరకు తేల్చుకోగలడు.

## ఒకే ఆమ్లం, రెండు రూపాలు

నీటిలో కలిసిన బలహీన ఆమ్లం మొత్తం ఒకే రూపంలో ఉండదు. అందులో కొంత భాగం తన ప్రోటాన్‌ను, అంటే ధనావేశమున్న హైడ్రోజన్‌ను, పట్టుకునే ఉంటుంది. దానికి విద్యుదావేశం ఉండదు, కొవ్వులో తేలిగ్గా కరుగుతుంది. మిగతా భాగం ప్రోటాన్‌ను వదిలేసి రుణావేశంతో మిగులుతుంది. అది నీటినే అంటిపెట్టుకుంటుంది, కొవ్వు పొరను సులువుగా దాటలేదు. బ్యాక్టీరియా కణాన్ని చుట్టి ఉండే పైపొర ఫాస్ఫోలిపిడ్లు అనే కొవ్వు పదార్థంతో, దానిలో దిగబడిన ప్రోటీన్లతో తయారవుతుంది. కాబట్టి లోపలికి చొరబడేది ఆవేశం లేని రూపమే.

ఈ రెండు రూపాలూ చెరిసగం ఉండే పీహెచ్‌ను ఆ ఆమ్లానికి పీకేఏ అంటారు. బెంజోయిక్ ఆమ్లానికి అది 4.2, సోర్బిక్‌కు 4.76, ప్రొపియోనిక్‌కు 4.87. పీహెచ్ ఈ అంకె దాటి పైకి వెళ్లేకొద్దీ పనికొచ్చే భాగం వేగంగా తగ్గిపోతుంది. బెంజోయిక్ ఆమ్లాన్నే తీసుకుంటే, పీహెచ్ 3.5 దగ్గర దానిలో 83 శాతం ఆవేశం లేకుండా ఉంటుంది. 4.2 దగ్గర సగం, 5.2 దగ్గర 9 శాతం మాత్రమే. పీహెచ్ 7కు చేరేసరికి మిగిలేది 0.16 శాతం. అంటే ఒకే డబ్బాలోంచి ఒకే కొలతతో తీసిన మందు నిమ్మరసంలో బాగా పనిచేస్తుంది, పాలలో దాదాపు పనిచేయదు.

పులుపు వేరు, ఈ చర్య వేరు అన్న సంగతి కూడా ఇక్కడే అర్థమవుతుంది. సిట్రిక్ ఆమ్లం బాగా పుల్లగా ఉంటుంది, కానీ నీటిని ఇష్టపడే అణువు. అది పీహెచ్‌ను దించి పరోక్షంగా సాయం చేస్తుందే తప్ప పైపొరను సులువుగా దాటదు. పులుపు అంతగా తెలియని సోర్బిక్ ఆమ్లం మాత్రం అదే పీహెచ్ దగ్గర చాలా తక్కువ మోతాదులో సూక్ష్మజీవులను నిలువరిస్తుంది. పుల్లని పానీయాల్లో సిట్రిక్ ఆమ్లాన్ని, సోడియం బెంజోయేట్‌ను కలిపి వాడటం వెనక ఉన్న లెక్క ఇదే. మొదటిది పీహెచ్‌ను దించుతుంది, రెండోది ఆ తక్కువ పీహెచ్‌లో ఆవేశం లేని రూపంలోకి మారి లోపలికి దూరుతుంది.

## పైపొర దాటాక జరిగేది

చాలా బ్యాక్టీరియాల కణం లోపలి పీహెచ్ 7 చుట్టుపక్కల ఉంటుంది. బయట పుల్లగా ఉన్న చోటు నుంచి లోపలికొచ్చిన ఆమ్ల అణువు ఆ వాతావరణంలో తన ప్రోటాన్‌ను వదిలేస్తుంది. ఆవేశం వచ్చాక అది తిరిగి బయటికి పోలేదు. బయట, లోపల ఆవేశం లేని రూపం సమానమయ్యే దాకా కొత్త అణువులు వస్తూనే ఉంటాయి, వచ్చినవి ఇరుక్కుపోతూనే ఉంటాయి. బయట పీహెచ్ 4.5, లోపల 7 అనుకుని లెక్కకడితే, బెంజోయిక్ ఆమ్లం కణం లోపల బయటికంటే 200 రెట్లకు పైగా పేరుకోవచ్చు. వాస్తవంలో లోపలి పీహెచ్ కూడా పడిపోతుంది కాబట్టి అంత పేరుకోదు. అయినా కణానికి జరిగే నష్టం ఏ స్థాయిలో ఉంటుందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

వదిలేసిన ప్రోటాన్లను బయటికి తోడటానికి కణం తన ఏటీపీని, అంటే దాచుకున్న శక్తిని, ఖర్చుపెట్టాలి. ఎదగడానికి వాడాల్సిన శక్తి అంతా ఈ తోడిపోతకే సరిపోతుంది. కొంతకాలం వరకు ఈ పరిణామానికి ఇదే పూర్తి వివరణ అనిపించేది. అసలు దెబ్బ ఇంకా లోతుగా, పైపొరలోనే తగులుతోందని తర్వాత తేలింది.

దానికి ముందు బ్యాక్టీరియా శక్తిని ఎలా సంపాదిస్తుందో చూడాలి. 1961లో బ్రిటిష్ శాస్త్రవేత్త పీటర్ మిచెల్ ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం, కణం తన శ్వాసక్రియలో పుట్టిన శక్తితో ప్రోటాన్లను పైపొర దాటించి బయటికి నెడుతుంది. దాంతో బయట ప్రోటాన్లు ఎక్కువ, లోపల తక్కువ అవుతాయి. ఆ తేడా వల్ల అవి తిరిగి లోపలికి రావాలని ఒత్తిడి తెస్తాయి. పైపొరలోని ప్రత్యేకమైన ప్రోటీన్ ద్వారాల గుండా మాత్రమే వాటిని రానిచ్చి, ఆ రాకతో కణం ఏటీపీని తయారుచేసుకుంటుంది, అమైనో ఆమ్లాల్లాంటి పోషకాలను లోపలికి లాక్కుంటుంది. ఈ కృషికి మిచెల్‌కు 1978లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ధవళేశ్వరం ఆనకట్ట కింద బతికేవారికి ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. ఆనకట్ట ఎగువన నీటిమట్టం నిలబెట్టి, తూముల ద్వారా కాలువల్లోకి వదిలితేనే చివరి చేనుకూ నీరందుతుంది. గట్టుకు గండి పడితే నది పారుతూనే ఉంటుంది, ఎగువ నుంచి నీరు వస్తూనే ఉంటుంది, కానీ కాలువలోకి మాత్రం ఎక్కదు. కొవ్వులో కరిగే ఆమ్లాలు బ్యాక్టీరియా పైపొరకు వేసేది అలాంటి గండే. ప్రోటాన్లు ద్వారాల గుండా రాకుండా ఆమ్ల అణువులతో కలిసి అడ్డదారిన లోపలికి జారిపోతాయి. శ్వాసక్రియ నడుస్తున్నా దాని ఫలం కణానికి దక్కదు.

దీన్ని ఆహారం చెడకుండా కలిపే నిల్వ పదార్థాలకు వర్తింపజేసి చూపింది 1973లో ఎర్న్‌స్ట్ ఫ్రీస్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు చేసిన పని. నేచర్ పత్రికలో వచ్చిన ఆ పరిశోధన ప్రకారం, ఇలాంటి ఆమ్లాలు బ్యాక్టీరియా అమైనో ఆమ్లాల్లాంటి పోషకాలను లోపలికి తీసుకోవడాన్ని అడ్డుకుంటాయి. పోషకాల రవాణాకూ ఏటీపీ తయారీకీ శ్వాసక్రియతో ఉండే లంకెను తెంపేస్తాయి. చుట్టూ తిండి ఉండగానే కణం పస్తులతో ఆగిపోతుందన్నమాట.

ఇక్కడ ‘ఆగిపోవడం’ అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి. మామూలు మోతాదుల్లో ఈ ఆమ్లాలు బ్యాక్టీరియా ఎదుగుదలను ఆపుతాయి, చంపవు. ఆమ్లాన్ని కడిగేస్తే, లేదా నీటితో పలుచన చేస్తే కణాలు తిరిగి పెరగడం మొదలుపెట్టొచ్చు. ‘చంపేస్తుంది’ అని రాసిన ప్రచారానికి, నిజానికి ఉన్న తేడా ఇదే. మోతాదు బాగా పెరిగినప్పుడు, ముఖ్యంగా మధ్యస్థ పొడవున్న కొవ్వు ఆమ్లాల విషయంలో, పైపొర చీలి లోపలి పదార్థం కారిపోయి కణం చనిపోవడమూ ఉంది.

## గొలుసు పొడవును బట్టి బలం

కొవ్వు ఆమ్లాలంటే కార్బన్ పరమాణువుల గొలుసులు. ఎసిటిక్‌లో 2, ప్రొపియోనిక్‌లో 3, బ్యుటిరిక్‌లో 4, కాప్రిలిక్‌లో 8, కాప్రిక్‌లో 10, లారిక్‌లో 12 కార్బన్లు ఉంటాయి. గొలుసు పొడుగయ్యేకొద్దీ కొవ్వులో కరిగే గుణం పెరుగుతుంది కాబట్టి బలమూ పెరగాలి. ఒక హద్దు వరకు అలాగే జరుగుతుంది. ఆ తర్వాత గొలుసు మరీ పొడుగై నీటిలో కరగడమే మానేస్తుంది, బ్యాక్టీరియా దాకా చేరదు. పరిశోధకుడు జాన్ కబారా బృందం 1972లో చేసిన పోలికలో సంతృప్త కొవ్వు ఆమ్లాలన్నిటిలో గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియాపై, అంటే బయట అదనపు పొర లేని రకంపై, 12 కార్బన్ల లారిక్ ఆమ్లమే ముందు నిలిచింది. దాని మోనోగ్లిజరైడ్ (ఒకే కొవ్వు ఆమ్లం గ్లిసరాల్‌కు అతుక్కున్న రూపం), అంటే మోనోలారిన్, ఆమ్లం కంటే కూడా మెరుగ్గా పనిచేసింది.

లారిక్ లాంటి కాస్త పొడుగు గొలుసులకు ప్రోటాన్ మోయడంతో పాటు ఇంకో పని కూడా ఉంది. అవి పైపొర కొవ్వు మధ్యలో ఇరుక్కుని దాని అమరికనే చెదరగొడతాయి. అందుకే పీహెచ్ 7 దగ్గర కూడా వాటి ప్రభావం కొంత కనిపిస్తుంది.

## కొబ్బరి నూనె సంగతి

కొబ్బరి నూనెలోని కొవ్వు ఆమ్లాల్లో దాదాపు సగం లారిక్ ఆమ్లమే. ఇంతవరకు ప్రచారంలో చెప్పేది సరైనదే. కానీ ఆ లారిక్ ఆమ్లం నూనెలో విడిగా ఉండదు. మూడేసి కొవ్వు ఆమ్లాలు ఒక గ్లిసరాల్ అణువుకు అతుక్కుని ట్రైగ్లిజరైడ్‌గా ఉంటాయి. అలా అతుక్కున్నప్పుడు వదిలేందుకు ప్రోటాన్ ఉండదు, నీటిలోకి దిగే గుణం ఉండదు, పైపొరను చెదరగొట్టే గుణమూ ఉండదు. లైపేజ్ అనే ఎంజైమ్ ఆ అతుకును తెంపితేనే ఆమ్లం విడుదలవుతుంది.

అంబాజీపేట మార్కెట్‌కు కొబ్బరి తెచ్చేవారికి దీని రుజువు రోజూ కళ్లముందే ఉంటుంది. సరిగ్గా ఆరని ఎండుకొబ్బరికి బూజు పడుతుంది. అందులో ఉన్న లారిక్ కొవ్వు దాన్ని ఆపలేదు. బూజు తన లైపేజ్‌తో నూనెను తెంపాక పాత కొబ్బరికి సబ్బు రుచి వస్తుంది. నాలుకకు తగిలే ఆ రుచి విడుదలైన లారిక్ ఆమ్లానిదే. మనిషి పేగుల్లోనూ లైపేజ్ ఉంది కాబట్టి తిన్న కొబ్బరి నూనె నుంచి ఆమ్లం విడుదలవుతుంది, కానీ దాన్ని శరీరం పీల్చేసుకుని శక్తిగా వాడేసుకుంటుంది. కొబ్బరి నూనె మంచి వంట నూనె. దాన్ని యాంటీబయాటిక్‌కు బదులు మందుగా చూపించడం మాత్రం ప్రమాదకరం. జ్వరంతో ఉన్నవారు, పుండు చీము పట్టినవారు ఆ మాట నమ్మి వైద్యం ఆలస్యం చేసుకుంటే ముప్పు ఎక్కువ.

## విబ్రియోకు అదనపు పొర

డెల్టా రైతులకు ఇది అన్నిటికంటే ముఖ్యమైన భాగం. బ్యాక్టీరియాలు స్థూలంగా రెండు రకాలు. గ్రామ్ పాజిటివ్ రకానికి కొవ్వు పొర ఒకటే ఉంటుంది. దాని బయట ఉండే మందపాటి గోడ చిన్న అణువులను పెద్దగా అడ్డుకోదు. గ్రామ్ నెగటివ్ రకానికి గోడకు బయట ఇంకో పొర ఉంటుంది. లైపోపాలీశాకరైడ్ అనే పదార్థం ఆ పొర బయటి ముఖాన్ని కప్పి, పొడుగు గొలుసు కొవ్వు ఆమ్లాలను దగ్గరికి రానివ్వదు. షియూ అనే సహ పరిశోధకులతో కలిసి ఫ్రీస్ 1973లోనే దీన్ని ఈ.కోలై, సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియాలపై చూపారు. ఆ పదార్థం లోపించిన రకాలు ఆమ్లాలకు లొంగాయి, ఉన్నవి తట్టుకున్నాయి.

విబ్రియో గ్రామ్ నెగటివ్. చిన్న రొయ్యలను ఒక్కసారిగా చంపే ఏహెచ్‌పీఎన్‌డీ జబ్బుకు కారణమైన విబ్రియో పారాహీమోలైటికస్ కూడా ఆ రకమే. కాబట్టి లారిక్ ఆమ్లం బలం గురించి చెప్పే అంకెలను నేరుగా విబ్రియోకు అంటగట్టడం సరికాదు. ఫార్మిక్, ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ లాంటి చిన్న ఆమ్లాలు బయటి పొరలోని సన్నని రంధ్రాల గుండా పోగలవు. విబ్రియో మీద ఆశ పెట్టుకోదగినవి అవే, వాటితోపాటు కొంత వరకు 6 నుంచి 10 కార్బన్ల ఆమ్లాలు.

రైతులు మేతకు పట్టించే ప్రోబయోటిక్స్‌లో (మేలు చేసే బ్యాక్టీరియా మందుల్లో) తరచుగా ఉండేది బాసిల్లస్ సబ్టిలిస్. అది గ్రామ్ పాజిటివ్. లారిక్ ఆమ్లానికి, మోనోలారిన్‌కు తేలిగ్గా లొంగేది ఆ రకమే. ప్యాకెట్లో అది స్పోరు (గట్టి పెంకుతో నిద్రాణంగా ఉండే) రూపంలో ఉన్నంతసేపు తట్టుకుంటుంది, పేగులో మొలకెత్తాక తట్టుకోలేకపోవచ్చు. లారిక్ ఉత్పత్తిని, ప్రోబయోటిక్‌ను ఒకే పూట మేతలో బైండర్‌తో (మేతకు అంటించే జిగురుతో) కలిపితే మేలు చేయాల్సింది దెబ్బతిని విబ్రియో మిగిలే అవకాశం ఉంది. రెండింటినీ వేర్వేరు పూటల్లో ఇవ్వడం మేలనిపిస్తుంది.

వైట్ స్పాట్ అనే రొయ్యల జబ్బుకు కారణం వైరస్. ఈహెచ్‌పీ రొయ్య కణాల లోపల దాగే పరాన్నజీవి. బ్యాక్టీరియా పైపొర గురించి ఇక్కడ చెప్పిన లెక్క వాటికి వర్తించదు.

## చెరువు నీరు, రొయ్య పేగు, కోడి కందనకాయ

చెరువులో రొయ్యకు అనువైన పీహెచ్ 7.5 నుంచి 8.5 మధ్య. పీహెచ్ 8 దగ్గర ప్రొపియోనిక్ ఆమ్లంలో ఆవేశం లేని భాగం 0.1 శాతం కూడా ఉండదు. అందుకే ఎకరాల చెరువులోకి ఆమ్లాన్ని పోయడం వల్ల విబ్రియో అదుపులోకి రాదు. లారిక్ ఆమ్లానికి ఇంకో అడ్డంకి ఉంది. ఉప్పు బోరు నీళ్లలో సబ్బు నురగ రాకపోవడం తీరప్రాంత ఊళ్లవారందరికీ తెలిసిందే. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బులోని కొవ్వు ఆమ్లాలతో కలిసి కరగని తెట్టుగా మారతాయి. చెరువు నీటిలో పడిన లారిక్ ఆమ్లానికీ అదే జరుగుతుంది. రొయ్య డొల్ల గట్టిపడాలని రైతులు చల్లే మినరల్స్‌లో ఉండేవి కూడా ఆ రెండు ఖనిజాలే.

మేతలో కలిపి ఇస్తే పరిస్థితి మెరుగవుతుంది, కానీ అక్కడా ఒక చిక్కుంది. రొయ్యకు మనిషికి ఉన్నట్టు బాగా ఆమ్లంగా ఉండే జీర్ణాశయం లేదు. పేగు పీహెచ్ 7కు దగ్గరగానే ఉంటుంది. ఆ పీహెచ్ దగ్గర ప్రొపియోనిక్‌లో పనికొచ్చే భాగం 0.7 శాతమే. కైకలూరు, కొల్లేరు వైపు పెంచే బొచ్చె, రోహు చేపలకైతే అసలు జీర్ణాశయమే ఉండదు, మేత నేరుగా పేగులోకి పోతుంది. పైగా రొయ్య మేతను నెమ్మదిగా కొరుక్కు తింటుంది. ఆ లోపు నీటిలో కరిగే ఆమ్ల లవణాలు చెరువులోకి జారిపోతాయి. కొవ్వు పూత వేసిన ఉత్పత్తులు, పీహెచ్‌తో సంబంధం లేని మోనోగ్లిజరైడ్లు మార్కెట్‌లోకి రావడానికి ఈ ఇబ్బందులే కారణం. ఒకే ‘యాసిడ్’ ఒక చెరువులో ఫలితం చూపి పక్క చెరువులో చూపకపోవడానికి ఈ తేడాలు చాలా వరకు సమాధానం చెబుతాయి.

తణుకు చుట్టుపక్కల కోళ్ల ఫారాల్లో కథ వేరు. కోడి మెడ దిగువన దాణా నిలిచే సంచి కాస్త పుల్లగా ఉంటుంది, కందనకాయ దగ్గర పీహెచ్ 2 నుంచి 4 మధ్యకు పడిపోతుంది. పీహెచ్ 5.5 దగ్గర ప్రొపియోనిక్‌లో 19 శాతం, 3 దగ్గర దాదాపు మొత్తం ఆవేశం లేని రూపంలో ఉంటుంది. కోళ్లలో, దాణాలో సాల్మొనెల్లాను తగ్గించడానికి ఈ ఆమ్లాలు ఎక్కువ నమ్మకంగా పనిచేసేది అందుకే. కోళ్ల దాణా అనుభవాన్ని యథాతథంగా రొయ్యల మేతకు మార్చి అమ్మడంలోని లోపం కూడా ఇక్కడే ఉంది.

## వంటింట్లో

బ్రెడ్ ప్యాకెట్ మీద ఐఎన్ఎస్ (ఆహారంలో కలిపే పదార్థాలకిచ్చే అంతర్జాతీయ సంఖ్య) 282 అని ఉంటే అది కాల్షియం ప్రొపియోనేట్. బూజును, బ్రెడ్ లోపల జిగటగా తీగలు సాగేలా చేసే బాసిల్లస్‌ను అది ఆపుతుంది. 211 సోడియం బెంజోయేట్, 202 పొటాషియం సోర్బేట్. ఆవకాయను కాపాడేది ప్రధానంగా ఉప్పు, మామిడికాయ పులుపు. పైన తేలే నువ్వుల నూనె గాలిని అడ్డుకుంటుందే తప్ప క్రిములను చంపదు. పులుపు తక్కువైన కూరగాయలను నూనెలో ముంచి నెలల తరబడి దాచడం అందుకే మంచిది కాదు. గాలి లేనిచోట పెరిగే బోటులినం క్రిమికి పీహెచ్ 4.6 దాటితే నూనె అడుగున అనువైన చోటు దొరుకుతుంది. నూనె ఎక్కువున్న పచ్చట్లో సోర్బేట్ వేసినా దానిలో కొంత భాగం నూనెలోకే పోతుంది, క్రిములుండే నీటి భాగంలో తగ్గిపోతుంది.

## ఎదురుతిరిగే క్రిములు

పైపొర మొత్తాన్ని దెబ్బకొట్టే పద్ధతి కాబట్టి, ఒకే ఒక్క ప్రోటీన్‌ను లక్ష్యంగా చేసుకునే యాంటీబయాటిక్స్‌తో పోలిస్తే దీనికి నిరోధకత నెమ్మదిగా వస్తుంది. అసలే రాదనుకోవడం పొరపాటు. స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియాలో కొవ్వు ఆమ్లాలను బయటికి తోడేసే పంపులను గుర్తించారు. జైగోశాకరోమైసిస్ బెయిలీ అనే ఈస్టు బెంజోయేట్ ఉన్న పుల్లని పానీయాల్లోనే పెరగగలదు. కొన్ని పెనిసిలియం బూజులు సోర్బేట్‌ను తెంపేసి కిరోసిన్ వాసన వచ్చే పదార్థంగా మారుస్తాయి. తక్కువ మోతాదులో, ఎడతెగకుండా వాడటం ఇలాంటి రకాలకే కలిసొస్తుంది.

చెరువు గట్టు మీద నిర్ణయం తీసుకునేవారు షాపులో అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ప్యాకెట్లో ఉన్నది ఏ ఆమ్లం, ఎంత శాతం? విడి ఆమ్లమా, లవణమా, మోనోగ్లిజరైడా, పూత వేసిందా? రొయ్య పేగు పీహెచ్ దగ్గర పరీక్షించిందా, లేక కోళ్లలో చూసిన ఫలితాన్నే చూపిస్తున్నారా? విబ్రియో మీద ల్యాబ్ నివేదిక ఉందా, ఉంటే ఆ పరీక్ష ఏ పీహెచ్‌లో చేశారు? చివరి ప్రశ్నకు జవాబు 5 అని వస్తే ఆ నివేదికతో చెరువుకు పెద్దగా సంబంధం లేదు.